బీరు ఫ్యాక్టరీలో చేరాలా, మైక్రోబ్రూవరీలో చేరాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేశాను. రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి మా జిల్లాలోనే ఉన్న పెద్ద బ్రూవరీలో ట్రైనీ, మూడు షిఫ్టుల పని. రెండోది గచ్చిబౌలి వైపు ఒక మైక్రోబ్రూవరీలో (అక్కడే వండి అక్కడే అమ్మే చిన్న బ్రూవరీ) అసిస్టెంట్ బ్రూవర్. అక్కడ ఒక విడతకు 1,000 లీటర్లు వండుతారట. ఫ్యాక్టరీ బీరులో గ్లిజరిన్ కలుపుతారని, క్రాఫ్ట్ బీరే అసలైన బీరని అన్నయ్య స్నేహితులు చెబుతున్నారు. నిజమేనా? రెండు చోట్ల పనిలో తేడా ఏమిటి? ముందు ఎక్కడ చేరితే మంచిది? ఇంట్లోనేమో 'బీరు కంపెనీలో ఆడపిల్లకు ఉద్యోగమా' అంటున్నారు.
– ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

సమాధానం:

గ్లిజరిన్ సంగతి ముందే తేల్చేద్దాం. బీరు పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే కొద్దిగా గ్లిజరాల్ తయారుచేస్తుంది, లీటరుకు 1 నుంచి 2 గ్రాముల దాకా. అది ఫ్యాక్టరీ బీరులోనూ ఉంటుంది, క్రాఫ్ట్ బీరులోనూ ఉంటుంది. వైన్‌లో ఇంకా ఎక్కువ. నిల్వ కోసం దాన్ని విడిగా పోయాల్సిన పనే లేదు. సీసా బీరు నెలల తరబడి నిలవడానికి కారణం పాశ్చరైజేషన్, లోపలికి గాలి చొరబడకుండా చూసుకోవడం. నీళ్ల గ్లాసులో సీసా బోర్లించి, తీగలా కిందికి దిగేదాన్ని చూపించి అదే గ్లిజరిన్ అంటారు. బీరులో పులియకుండా మిగిలిపోయిన డెక్స్ట్రిన్లు (పిండిపదార్థపు చిన్న ముక్కలు) ఉంటాయి కాబట్టి అది మంచినీళ్లకంటే కాస్త బరువు. బరువైనది కిందికి జారుతుంది, నీళ్లు పైకి ఎక్కుతాయి. చక్కెర నీళ్ల సీసా బోర్లించినా ఇదే జరుగుతుంది. మైక్రోబయాలజీ చదివిన మీరు ఈ ప్రయోగం వంటింట్లోనే చేసి అన్నయ్య స్నేహితులకు చూపించవచ్చు.

ఇక అసలు తేడా. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) నూరడం, వేడినీళ్లలో నానబెట్టి పిండిపదార్థాన్ని చక్కెర చేయడం, ఆ తీపి నీటిని (దాన్నే వోర్ట్ అంటారు) హాప్స్‌తో (చేదు, వాసన ఇచ్చే పువ్వులు) మరిగించడం, చల్లార్చి ఈస్ట్ వేయడం రెండు చోట్లా ఒకటే. తప్పు జరిగితే ఎంత నష్టం, దాన్ని ఎవరు ఎప్పుడు పట్టుకుంటారు అన్న దగ్గరే దారులు చీలతాయి. పని తీరంతా అక్కడి నుంచే వస్తుంది.

మైక్రోబ్రూవరీలో మీ రోజు ఇలా ఉంటుంది. హైదరాబాద్‌లో బాగా అమ్ముడుపోయే గోధుమ బీరునే తీసుకుందాం. 12 డిగ్రీల ప్లేటో, అంటే నూటికి 12 పాళ్లు చక్కెర పదార్థం ఉన్న వోర్ట్ 1,000 లీటర్లు కావాలంటే 180 నుంచి 190 కిలోల మాల్ట్ పడుతుంది. అందులో సగం గోధుమ మాల్ట్. ఆ బస్తాలు ఎత్తాల్సింది మీరే. మిల్లులో మాల్ట్ నూక కావాలి కానీ పిండి కాకూడదు, పైపొట్టు వీలైనంత చీలకుండా మిగలాలి. వడకట్టడానికి ఆ పొట్టే జల్లెడ. గోధుమకు పొట్టు ఉండదు కాబట్టి మెత్తగా నూరితే లాటర్ టన్‌లో (వడకట్టే పాత్రలో) పిండి అడ్డుపడి ఒక్క చుక్క దిగదు. అలా బిగుసుకుపోతే పంపు వేగం పెంచకండి, పీడనానికి గింజల పడక ఇంకా గట్టిపడుతుంది. పంపు ఆపి, అడుగు నుంచి 78 డిగ్రీల నీళ్లు మెల్లగా ఎక్కించి పడకను లేపాలి, పైపైన గాట్లు పెట్టి పది నిమిషాలు వదిలేయాలి, తర్వాత వాల్వు కొద్దిగా తెరిచి మొదలుపెట్టాలి. ముందుచూపు ఉన్న బ్రూవర్ గోధుమ సగం దాటినప్పుడు మొత్తం మాల్ట్‌లో 3 నుంచి 5 శాతం వడ్ల పొట్టు, శుభ్రం చేసినది, ముందే కలుపుతారు.

కిలో మాల్ట్‌కు 3 లీటర్ల నీళ్లు. మ్యాష్ (మాల్ట్, నీళ్లు కలిసిన ముద్ద) 66 డిగ్రీల దగ్గర నిలవాలి. మాల్ట్ 30 డిగ్రీల వేడిలో ఉంటే నీళ్లు 71 దగ్గర ఉండాలి. చలికాలం గోదాము చల్లగా ఉన్నప్పుడు ఇంకో డిగ్రీ ఎక్కువ పెట్టాలి. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే బీరే మారిపోతుంది. 63 దగ్గర ఆగితే చక్కెర ఎక్కువగా పులిసి బీరు పలచబడుతుంది, 69కి పోతే నోటికి బరువుగా తియ్యగా మిగులుతుంది. పీహెచ్ 5.2 నుంచి 5.5 మధ్య ఉండాలి. బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, అందుకని లాక్టిక్ యాసిడ్‌తో దించుతారు. గంట తర్వాత చుక్క తీసి అయోడిన్ వేస్తే నీలం రాకూడదు. వస్తే పిండిపదార్థం ఇంకా మిగిలినట్టే.

మరిగించేటప్పుడు మూత పూర్తిగా మూయకూడదు. మాల్ట్ నుంచి వచ్చే డైమిథైల్ సల్ఫైడ్ ఆవిరితో బయటికి పోవాలి, లేదంటే బీరు ఉడికించిన మొక్కజొన్న వాసన కొడుతుంది. చేదు 15 యూనిట్లు కావాలనుకోండి. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం 5 శాతం ఉన్న హాప్స్ అయితే 1,000 లీటర్లకు కిలో పైచిలుకు పడుతుంది, వచ్చే లాట్‌లో ఆల్ఫా 4 శాతమే ఉంటే 1.3 కిలోలు కావాలి. ప్యాకెట్ మీది అంకె చూడకుండా 'పోయినసారి ఎంత వేశామో అంతే' అనుకునే చోట బీరు ప్రతిసారీ మారుతూనే ఉంటుంది.

మన ఊళ్లలో ఎక్కువమంది తడబడేది చల్లార్చే దగ్గర. మే నెలలో ట్యాంకు నీళ్లే 35 డిగ్రీల దగ్గర ఉంటే, ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్ ఎంత మంచిదైనా వోర్ట్‌ను అంతకంటే కిందికి దించలేదు. కాబట్టి మొదట మామూలు నీళ్లతో, తర్వాత గ్లైకాల్‌తో (గడ్డకట్టకుండా బాగా చల్లబడే ద్రవం) లేదా ముందురోజు చల్లబరిచి ఉంచిన నీళ్లతో రెండు దశల్లో 18 డిగ్రీలకు తేవాలి. చిల్లర్ చిన్నదై 28 డిగ్రీల దగ్గరే ఈస్ట్ వేసేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి వేసవిలో ఇడ్లీ పిండి చూస్తే చాలు. పులియడం ఉరుకులు పెడుతుంది, బీరులో అరటిపండు వాసన మితిమీరుతుంది, ఘాటైన వాసన కొట్టే బరువైన ఆల్కహాళ్లు పెరుగుతాయి. మీరు చేరబోయే చోట చిల్లర్ ఎంత పెద్దదో, వేసవిలో ఒక విడత చల్లార్చడానికి ఎంతసేపు పడుతుందో అడగండి. గంట అంటే మంచిదే. రెండున్నర గంటలు అంటే ఆలోచించాలి.

మీ చదువు నేరుగా పనికొచ్చేది ఈస్ట్ దగ్గర. ఏల్ రకం (గది వేడికి దగ్గరగా పులిసే బీరు) ఈస్ట్ అయితే మిల్లీలీటరుకు, ఒక్కో డిగ్రీ ప్లేటోకు 7.5 లక్షల కణాలు వేయాలి. 12 ప్లేటో, 1,000 లీటర్లు అంటే 9 లక్షల కోట్ల కణాలు. లాగర్ (చల్లగా, నెమ్మదిగా పులిసే బీరు) అయితే దీనికి రెట్టింపు. పొడి ఈస్ట్ వాడితే ఏల్‌కు 500 నుంచి 800 గ్రాములు. ఒక ట్యాంకు అడుగు నుంచి తీసిన ఈస్ట్‌ను తర్వాతి విడతకు వాడేటప్పుడు హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గాజు పలక) మీద లెక్కపెట్టి, మిథిలిన్ బ్లూ వేసి చచ్చిన కణాలు ఎన్నో చూడాలి. బతికినవి 90 శాతానికి తగ్గితే ఆ ఈస్ట్ పారబోయడమే. చాలా మైక్రోబ్రూవరీల్లో సూక్ష్మదర్శిని ఉండదు, ఉన్నా దుమ్ము పట్టి ఉంటుంది. మీరు దాన్ని తుడిచి వాడటం మొదలుపెడితే ఆరు నెలల్లో అక్కడ మీ మాటకు విలువ వస్తుంది.

గోధుమ బీరు 5 నుంచి 7 రోజుల్లో పులుస్తుంది. వోర్ట్ సాంద్రత చూపే హైడ్రోమీటర్ వరుసగా రెండు రోజులు ఒకే అంకె చూపించేదాకా చల్లార్చకూడదు. వెన్న వాసన తెచ్చే డయాసిటైల్‌ను ఈస్ట్ తిరిగి పీల్చుకోవడానికి మరో రెండు మూడు రోజులు కావాలి. పరీక్ష తేలికే. రెండు సీసాల్లో నమూనా తీసుకుని ఒకదాన్ని 60 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి, చల్లార్చి, రెండూ వాసన చూడండి. వేడిచేసినదాంట్లో వెన్న వాసన వస్తే ట్యాంకు ఇంకా సిద్ధం కాలేదు. శనివారం జనం వస్తారు, బీరు అయిపోయింది అని కౌంటర్ నుంచి ఒత్తిడి వచ్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే. అక్కడ కుదరదని చెప్పగలిగే బ్రూవర్ ఉన్నారా లేదా అన్నదే ఆ బ్రూవరీ నాణ్యత.

పనిలో సగానికి పైగా కడగడమే. ఇది ఎవరూ ముందు చెప్పరు. ఒక్క విడతకు రెండు వందల కిలోలకు పైగా తడి పిప్పి పారతో లాగాలి, అది పాడి రైతులకు వెళుతుంది. ట్యాంకు కడగడానికి 2 శాతం కాస్టిక్ సోడా నీళ్లు 75 డిగ్రీల దగ్గర అరగంట, నీళ్లు, తర్వాత యాసిడ్, మళ్లీ నీళ్లు, చివర్న 200 పీపీఎం (పది లక్షల పాళ్లలో 200 పాళ్లు) పెరాసెటిక్ యాసిడ్. ఇక్కడ ఒక ప్రమాదం మనసులో గట్టిగా పెట్టుకోండి. అప్పుడే బీరు ఖాళీ అయిన ట్యాంకు నిండా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అందులోకి కాస్టిక్ చిమ్మితే ఆ వాయువు క్షణాల్లో కాస్టిక్‌లో కలిసిపోయి సోడియం కార్బొనేట్ (వాషింగ్ సోడా) అవుతుంది. లోపల శూన్యం ఏర్పడి స్టీలు ట్యాంకు నలిగిన కాగితంలా లోపలికి కూలిపోతుంది. కాస్టిక్ బలమూ పోతుంది. ముందు గ్యాస్ బయటికి పంపాలి, పై వాల్వు తెరిచే ఉంచాలి. వేడి కాస్టిక్ వెంటనే చన్నీళ్లు కొట్టినా ఇదే గతి.

ఇప్పుడు ఫ్యాక్టరీ. అక్కడ మీరు బస్తా ఎత్తరు, వాల్వు చేత్తో తిప్పరు. కంట్రోల్ రూమ్‌లో తెర ముందు కూర్చుని ఉష్ణోగ్రతల గీతలు చూస్తారు, లేదా ల్యాబ్‌లో గంట గంటకు నమూనాలు చూస్తారు. రోజుకు పలు విడతల వోర్ట్ ఒకే పెద్ద ట్యాంకులోకి వెళుతుంది. మాల్ట్‌తోపాటు బియ్యం అటుకులో, మొక్కజొన్నో, చక్కెరో వాడతారు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది స్ట్రాంగ్ బీరు, 5 దాటి 8 శాతం దాకా ఆల్కహాల్ ఉన్నది. ఆ బలాన్ని, పలచని రుచిని, ధరను ఒకచోట కలపడానికి ఇవి పనికొస్తాయి. బియ్యం వేశారు కాబట్టి బీరు కల్తీ అనుకోవడం సరికాదు. నూకలు వాడితే పిండి విచ్చుకునేదాకా విడిగా ఉడికించాలి. అటుకులు ముందే ఉడికినవి కాబట్టి నేరుగా మ్యాష్‌లో వేయవచ్చు.

ఫ్యాక్టరీ లెక్కలో అతి పెద్ద కిటుకు చిక్కగా పులియబెట్టి, తర్వాత పలచన చేయడం. 16 ప్లేటో దగ్గర లక్ష లీటర్లు పులియబెట్టి 12 ప్లేటోకు సమానమయ్యేలా నీళ్లు కలిపితే 1.33 లక్షల లీటర్లకు పైనే వస్తుంది. ట్యాంకులు అవే. కలిపే నీళ్లలో ఆక్సిజన్ 20 పీపీబీకి (వంద కోట్ల పాళ్లలో 20 పాళ్లు) మించకూడదు. మించితే నెల తిరిగేసరికి బీరు తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. చిక్కటి వోర్ట్‌లో ఈస్ట్ ఇబ్బంది పడుతుంది, పండ్ల వాసనలు పెరుగుతాయి. దాన్ని అదుపులో పెట్టడానికి ఆక్సిజన్ ఎంత, ఈస్ట్ ఎంత, ఏ గంటకు ఎంత ఉష్ణోగ్రత అన్నది కాగితం మీద రాసి ఉంటుంది. ఒకే లాగర్‌ను ఏడాది పొడవునా తేడా తెలియకుండా తీయడం చిన్న విద్యేమీ కాదు. లాగర్‌లో లోపం దాక్కోవడానికి చోటు లేదు. గోధుమ బీరులో లవంగం వాసన అందం, లాగర్‌లో అదే వాసన వస్తే అడవి ఈస్ట్ చొరబడిందని అర్థం.

తర్వాత డయాటమైట్ అనే ఒకరకం మట్టి పొడితో వడపోత (ఆ పొడి దుమ్ములో సిలికా ఉంటుంది, మాస్కు లేకుండా దగ్గరికి వెళ్లకండి), అక్కడి నుంచి ప్యాకింగ్ హాలు. కొత్తవాళ్లు ప్యాకింగ్‌ను చిన్నచూపు చూస్తారు. మంచి బీరు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. తిరిగొచ్చిన 650 మిల్లీలీటర్ల సీసాలను వేడి కాస్టిక్‌లో కడుగుతారు. వేడి మెట్లు మెట్లుగా పెంచకపోతే గాజు పగులుతుంది. నింపిన సీసా మెడలోని గాలిని వెళ్లగొట్టడానికి సన్నటి వేడినీటి ధార కొట్టి నురగ పొంగిస్తారు, ఆ నురగ మీదే మూత పడాలి. ధార ఒత్తిడి కాస్త తగ్గితే వేల సీసాల్లో గాలి ఉండిపోతుంది, కంటికి ఏమీ కనిపించదు. మూత నొక్కుడు వ్యాసం 28.6 నుంచి 28.8 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో గేజ్‌తో చూస్తూనే ఉండాలి. టన్నెల్ పాశ్చరైజర్‌లో 60 డిగ్రీల దగ్గర ఒక నిమిషం ఉంటే ఒక పాశ్చరైజేషన్ యూనిట్. 62 దగ్గర నిమిషానికి దాదాపు 2. బీరుకు 15 నుంచి 25 యూనిట్లు సరిపోతాయి. ముందు ఎక్కడో లేబులర్ ఆగిపోతే వేడి గదిలో ఇరుక్కున్న సీసాలు అవసరానికి మించి ఉడుకుతాయి. వాటిని ఏం చేయాలో తేల్చేది మీ ల్యాబే.

మైక్రోబ్రూవరీ బీరుకు ఇవేవీ ఉండవు. ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి, 4 డిగ్రీల దగ్గర, 0.8 బార్ ఒత్తిడితో. అందుకే అది తాజాగా ఉంటుంది, అందుకే త్వరగా పాడవుతుంది కూడా. గ్లాసు దాకా వెళ్లే గొట్టాలను రెండు వారాలకోసారి కాస్టిక్‌తో కడగకపోతే ఎంత మంచి బీరైనా పుల్లమజ్జిగ వాసనతో వస్తుంది. తెలంగాణలో 2015లో నిబంధనలు వచ్చాకే ఈ మైక్రోబ్రూవరీలు మొదలయ్యాయి. రంగం కుర్రదే కాబట్టి పని నేర్పే సీనియర్లు తక్కువ.

రెండు చోట్లా ప్రాణాల మీదికి తెచ్చేది కార్బన్ డయాక్సైడ్. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, రంగు ఉండదు. బేస్‌మెంట్‌లో ఉన్న చల్లగదిలో నేల మీద పేరుకుంటుంది. 8 గంటల పనికి 5,000 పీపీఎం హద్దు. మీటర్ చూడకుండా, బయట ఒక మనిషి లేకుండా ట్యాంకులోకి తల కూడా పెట్టకండి. లోపల ఎవరైనా పడిపోతే శ్వాస పరికరం లేకుండా దూకకండి. ఒకరిని కాపాడబోయి రెండోవాళ్లు పోవడం ఇలాంటి ప్రమాదాల్లో మామూలు. ఫ్యాక్టరీలో పర్మిట్ పద్ధతి (ప్రమాదకరమైన పనికి ముందే రాతపూర్వక అనుమతి) ఉంటుంది, దానితోపాటు అమ్మోనియా చిల్లర్ల భయం, బాట్లింగ్ హాలు రొద ఉంటాయి. మైక్రోబ్రూవరీలో ఈ జాగ్రత్తలన్నీ బ్రూవర్ మనస్సాక్షి మీద ఆధారపడి ఉంటాయి. ఇది మాకు నచ్చని సంగతి.

మీకు మా సలహా: ముందు ఫ్యాక్టరీలో రెండేళ్లు చేయండి. మీది మైక్రోబయాలజీ కాబట్టి ల్యాబ్‌లోనే కూర్చోబెడతారు. ఆరు నెలలకోసారి ఫెర్మెంటేషన్‌కు, ఫిల్టర్‌కు, ప్యాకింగ్‌కు మార్చమని చేరేటప్పుడే అడగండి. కొలవడం, రాసిపెట్టడం, తప్పును మూలం దాకా వెతకడం అక్కడ అలవాటవుతాయి. ఆ అలవాటుతో మైక్రోబ్రూవరీకి వెళ్లినవాళ్లు త్వరగా ఎదుగుతారు. మైక్రోబ్రూవరీ నుంచి ఫ్యాక్టరీకి రావడం కష్టం, పెద్ద కంపెనీలు తమ పద్ధతిలో తయారైనవాళ్లనే చూస్తాయి. ఒక్క సందర్భంలో మాత్రం దీనికి తిరకాసు ఉంది. గచ్చిబౌలి చోట పదేళ్ల అనుభవమున్న బ్రూవర్ మీ పక్కనే నిలబడి పని చేస్తుంటే, సూక్ష్మదర్శిని, పీహెచ్ మీటర్, విడత విడతకు రాసిన లాగ్‌బుక్ ఉంటే, అక్కడే చేరండి. ఏడాదిలో మొత్తం పని మీ చేతుల మీదుగా నడుస్తుంది. ఫ్యాక్టరీలో అంతటి అవకాశానికి చాలా ఏళ్లు పడుతుంది.

చదువు కొనసాగించాలంటే బ్రిటన్‌లోని చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయర్స్ అండ్ డిస్టిలర్స్ (ఇదివరకటి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిలింగ్) పరీక్షలు ఉద్యోగం చేస్తూనే రాయవచ్చు. మొదట జనరల్ సర్టిఫికెట్, తర్వాత మూడు మాడ్యూళ్ల డిప్లొమా. పుణె దగ్గరి వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆల్కహాల్ టెక్నాలజీ కోర్సులున్నాయి. జర్మనీలో బెర్లిన్‌లోని వీఎల్‌బీ, మ్యూనిక్ దగ్గరి డోమెన్స్ పేరున్న బ్రూయింగ్ విద్యాసంస్థలే కానీ ఫీజులు భారీ. రెండేళ్ల పని తర్వాత వెళితేనే ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది.

ఇంట్లోవాళ్లకు మీరు చేయబోయే పని చూపించండి. మాటలతో చెప్పేకంటే అది నయం. ఈస్ట్ కణాలు లెక్కపెట్టడం, పెట్రి ప్లేట్ల మీద లాక్టోబాసిల్లస్ (బీరును పుల్లగా మార్చే బ్యాక్టీరియా) పెరిగిందేమో చూడటం, నీటిశుద్ధి నివేదిక రాయడం మందుల కంపెనీలో చేసే పనిలాంటివే. వాళ్ల భయం రాత్రి షిఫ్టు గురించే అయితే అది న్యాయమైన భయం. రాత్రి షిఫ్టులో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు, ఇంటి దాకా బండి వస్తుందా, దుస్తులు మార్చుకునే గది విడిగా ఉందా అని ఇంటర్వ్యూలోనే అడగండి, జవాబు ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. మైక్రోబ్రూవరీని కూడా ఇవే అడగాలి, ఎందుకంటే బార్ మూసేవేళకు పని తెమలని రోజులుంటాయి. రెండు చోట్లా ఒకసారి లోపలికి తీసుకెళ్లి చూపించమనండి. వెళ్లినప్పుడు ట్యాంకుల కంటే ముందు నేల మీది కాలువలు, గొట్టాల చివర్లు చూడండి. గొట్టాలు నేల మీద నీళ్లలో పడి ఉంటే, వాటి మూతులకు క్యాప్‌లు లేకపోతే, అక్కడ కడగడం ఎంత బాగా జరుగుతోందో మీకే తెలిసిపోతుంది.